బరువు ఇంజెక్షన్ రాసిచ్చారు, తిండి సంగతి ఎట్టా?

మేతబస్తా · కావలి · 16 నవంబరు 2025

అందరికీ నమస్కారం. నా వయసు 43, ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 104. రొయ్యల మేత, చెరువు మందుల షాపు ఉంది. పొద్దస్తమానం గల్లా పెట్టె ముందు కూర్చోవడం, మధ్యాహ్నం రైతులెవరో ఒకరు పిలిస్తే గట్టు మీదే భోజనం, రాత్రి పదకొండుకి ఇల్లు. నాలుగేళ్ళుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతుండా. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8.1 వచ్చింది.

నిరుడు అన్నం మానేసి ఆరు నెలలు చపాతీల మీద బతికా. తొమ్మిది కిలోలు తగ్గా, తర్వాత పది పెరిగా. లాభం పోను ఒక కిలో నష్టం.

పోయిన బుధవారం నెల్లూరులో డాక్టరు గారు వారానికొక ఇంజెక్షన్ రాసిచ్చారు, టిర్జెపటైడ్ 2.5 మి.గ్రా. "తిండి, నడక కూడా మార్చుకోవాలి" అన్నారు. ఏం మార్చాలో అడిగేలోపు తర్వాతి టోకెన్ పిలిచేశారు. ఇంటావిడేమో "నోరు కట్టుకోలేక పొట్టకి సూదా" అంటుంది. వాడినోళ్ళు ఎవరన్నా ఉంటే కుండబద్దలు కొట్టినట్టు చెప్పండి. ఇంకో మాట, కార్తీకం అయ్యేదాకా మా ఇంట్లో నీసు లేదు. రేపు సోమవారం ఉపవాసం కూడా. సూది రేపే వేసుకోవచ్చా?


కొరమీను_పులుసు · నెల్లూరు · 16 నవంబరు

అన్నా, నేను ఏప్రిల్ నుంచి ఇదే మందు వాడుతుండా. 98 నుంచి 83కి వచ్చా.

మొదటి సూది గురువారం వేసుకున్నా. ఆదివారం మా అత్తగారింట్లో మామిడికాయ వేసి కొరమీను పులుసు. మామూలుగా నేను మారు అన్నం పెట్టించుకునేటప్పటికి మిగతావాళ్ళు కంచం ముందుకి కూడా జరుపుకోని ఉండరు. ఆ రోజు ఐదో ముద్ద కలిపా. కలిపింది కలిపినట్టు వేళ్ళలోనే ఉండిపోయింది, నోటి దాకా పోలా. "ఉప్పు తక్కువైందా నాయనా" అని మా అత్త రెండుసార్లు అడిగింది. పులుసు అమోఘం. చాలనిపించింది, అంతే. అప్పటిదాకా 'చాలు' అని నాకు గిన్నె అడుగే చెప్పేది, కడుపు చెప్పడం అదే మొదలు.

ఇక నేను చేసిన తప్పు. ఆకలి లేదు కదా అని పొద్దున రెండు ఇడ్లీలు, రాత్రి గ్లాసు మజ్జిగ, దాంతోనే రోజులు నెట్టా. బరువు దబదబా దిగింది. మూడో నెలకి గ్యాస్ సిలిండర్ పక్కకి జరపబోతే చేతులు వణికాయి. దువ్వెన నిండా జుట్టు. డాక్టరు తిట్టాడు, కొవ్వుతో పాటు కండ కూడా కరిగించుకుంటున్నావు అని. అప్పుడు బుద్ధొచ్చింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన త్రేన్పులు, నాలుగు రోజులకొకసారి దొడ్డికి పోవడం, ఆ ముచ్చట్లు మళ్ళీ చెప్తా.


నల్లగ్రానైట్ · చీమకుర్తి · 16 నవంబరు

ఏందయ్యా ఈ పిచ్చి. మా తాత సజ్జ సంకటి, గోంగూర తిని 86 ఏళ్ళు బతికాడు, ఒక్క సూది ఎరగడు. నెలకి పదిహేను వేలు పెట్టి ఆకలి చంపుకోవడమా? ఆ డబ్బుతో గేదెని కొనుక్కో, దాని వెనక తిరిగితే చాలు.


కొరమీను_పులుసు · నెల్లూరు · 16 నవంబరు

మీ తాత పొద్దున్నే అరక కట్టాడు బాబాయ్, నువ్వు బొలెరో తోలుతుండావు.


స్టెత్ · నెల్లూరు · 17 నవంబరు

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఇక్కడ రాసేది మీ డాక్టరు మాటకి బదులు కాదు. ముందు అత్యవసరమైనది: మేతబస్తా గారూ, ఈరోజు ఉపవాసం ఉంటే సూది వేసుకోకండి. అసలు గ్లిమిపిరైడ్ వేసుకుని ఉపవాసం ఉండటమే ప్రమాదం. ఆ మాత్ర తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. దాని మీద ఈ ఇంజెక్షన్ చేరి తిండి సగమైతే షుగర్ బాగా కిందికి పడిపోవచ్చు. చాలామందికి గ్లిమిపిరైడ్ డోసు తగ్గించాల్సి వస్తుంది, కొందరికి ఆపేస్తాం. మొదలుపెట్టేలోపు మీ డాక్టరుకి ఫోన్ చేసి ఈ ఒక్క ప్రశ్న అడగండి.

మందు పని చేసే తీరు ఇది. మనం తిన్నప్పుడు పేగుల్లోంచి జీఎల్‌పీ-1, జీఐపీ అనే హార్మోన్లు వస్తాయి. టిర్జెపటైడ్ ఆ రెండింటినీ అనుకరిస్తుంది, ఇదే కుటుంబంలోని ఇంకో మందు సెమాగ్లుటైడ్ మొదటిదాన్నే. మెదడులో ఆకలి తగ్గుతుంది, కడుపు ఖాళీ అయ్యే వేగం తగ్గుతుంది, షుగర్ పెరిగినప్పుడే ఇన్సులిన్ ఊరుతుంది. ఈ కుటుంబంలో మొదటి మందు ఎక్సెనటైడ్‌కి మూలం గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి లాలాజలం. 2005లో అక్కడ అనుమతి వచ్చింది. బల్లి పడితే శకునం చూసే మనకి బల్లి ఉమ్ము మందైంది.

'సూది ఉండగా డైటింగ్ ఎందుకు' అనేవాళ్ళకి ఒక సంగతి. ఈ మందు మీద చేసిన సర్మౌంట్-1 పరీక్షలో 72 వారాలకి 15 మి.గ్రా. డోసు మీద సగటున 20.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి సూది (మందు లేనిది) వేయించుకున్నవాళ్ళకి 3.1 శాతం. రెండు గుంపులకీ రోజుకి 500 కేలరీల కోత, వారానికి 150 నిమిషాల వ్యాయామం చెప్పారు. అంటే పేపర్లలో వచ్చే ఆ పెద్ద అంకె వెనక తిండి మార్పు కూడా ఉంది. నల్లగ్రానైట్ గారూ, మీరూ గమనించండి, తిండి మార్పు ఒక్కటే ఉన్నవాళ్ళకి 3.1. వాళ్ళది సోమరితనం అనుకోను. బరువు తగ్గే కొద్దీ ఒళ్ళు ఆకలిని పెంచి పాత అంకెకి లాగుతుంది. మేతబస్తా గారి తొమ్మిది తగ్గి పది పెరిగిన కథ అదే.

షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం తగ్గుదల తక్కువ. సర్మౌంట్-2లో అదే డోసుకి 14.7 శాతం. కాబట్టి పక్కింటాయనతో పోల్చుకోకండి.

పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, ఆగని వాంతులు వస్తే పాంక్రియాస్ (క్లోమం) వాపు కావచ్చు. కుడి పక్కటెముకల కింద నొప్పి అయితే పిత్తాశయంలో రాళ్ళు. రెండింటికీ తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే ఈ మందే వద్దు. ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పాలి, కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి.


మేతబస్తా · కావలి · 17 నవంబరు

డాక్టర్ గారూ, దండం. ఫోన్ చేశా. గ్లిమిపిరైడ్ సగం చేయమన్నారు, ఉపవాసం మానమన్నారు. మా ఆవిడ "శివుడేం అనుకోడులే" అని ఉప్మా పెట్టింది. సూది శుక్రవారం వేసుకుంటా, పోలి స్వర్గం కూడా అయిపోతుంది.

మీరు చెప్పింది నాకు మా భాషలో ఇట్టా అర్థమైంది. చెరువులో మేత వేశాక చెక్ ట్రే దించుతాం. రెండు గంటలకి లేపి చూస్తే మేత మిగిలిందంటే తర్వాత పూట తగ్గించి వేస్తాం. మిగిలినా వినకుండా వేస్తే అడుగున కుళ్ళి చెరువు పాడవుతుంది. నా కడుపుకి ఇన్నాళ్ళూ చెక్ ట్రే లేదు. ఈ సూది ట్రే దించుతుంది, అంతేనా?


జొన్నరొట్టె · కనిగిరి · 17 నవంబరు

అన్నా, భలే చెప్పావు. నేను డైటీషియన్ని, నీ మాటనే ఇంకాస్త లాగుతా. వనామి రొయ్యల మేత బస్తా కొనేటప్పుడు ముందు ఏం చూస్తావు? ప్రోటీన్ శాతం. 35 ఉందా, 32 ఉందా అని రైతు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదువుతాడు. మరి నీ కంచం మీద ఆ అంకె ఎంతని ఎప్పుడన్నా చూశావా? మేత తగ్గినప్పుడు ఆ అంకె ఇంకా ముఖ్యం. కొరమీను అన్న మూడు నెలలు ఇడ్లీ, మజ్జిగ మీద చేసింది తవుడు మేత పెంపకం.

నీకు రోజుకి 80, 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. ముందు క్రియాటినిన్ చూపించుకో, కిడ్నీ తేడా ఉంటే లెక్క మారుతుంది. ఉజ్జాయింపుగా: కోడిగుడ్డు 6 గ్రాములు. నూరు గ్రాముల చేప 18 నుంచి 20. కప్పు ముద్దపప్పు 7, 8. మీల్‌మేకర్ ఎండువి 30 గ్రాములు నానబెడితే 15. నూరు గ్రాముల అన్నంలో మాత్రం మూడు కూడా ఉండదు, మొలగొలుకులైనా సరే.

అన్నం మానక్కర్లేదు. వరస మార్చు. ముందు చేప ముక్కలు, కూర తిను, ఆఖర్న పులుసులో పిడికెడు అన్నం. ఈ మందు మీద కడుపు ముందుగానే నిండుతుంది, అన్నంతో మొదలుపెడితే ముక్కకి చోటుండదు. మనవాళ్ళు పులుసు కోసం అన్నం కలిపి కలిపి, ముక్కని ఆఖరికి దాచుకుంటారు చూడు, ఆ అలవాటు మానాలి.

పొద్దున పెసరట్లు రెండు, నీసు లేని రోజుల్లో కాస్త పనీర్ తురుము. సాయంత్రం ఉడకేసిన శనగలు. రాత్రి ఒక జొన్నరొట్టె, కోడి కూరో మీల్‌మేకరో, పెరుగు. మలబద్ధకానికి మందు ముందు నీళ్ళు, ఆకుకూర, జామకాయ. బజ్జీలు, పులిబొంగరాలు మాత్రం మొదటి రెండు నెలలు ముట్టొద్దు. నీతి చెప్పడం లేదు, నూనె సరుకు కడుపులో గంటల తరబడి కూర్చుని వాంతికొస్తుంది, నీకే తెలుస్తుంది.


కొరమీను_పులుసు · నెల్లూరు · 17 నవంబరు

తవుడు మేతంట. ఒప్పుకుంటా. బజ్జీల సంగతి నిజం, మైపాడు బీచ్‌లో నాలుగు మిరపకాయ బజ్జీలు తిని రాత్రంతా సింక్ పట్టుకోని నిలబడ్డా.


మందులషాపు_మామ · సింగరాయకొండ · 18 నవంబరు

షాపు వైపు నుంచి నాలుగు మాటలు. ఇది ఫ్రిజ్ మందు, 2 నుంచి 8 డిగ్రీలు. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే పారేయడమే. మౌంజారో (టిర్జెపటైడ్ బ్రాండు పేరు) బయట ఉంటే 30 డిగ్రీల లోపు 21 రోజులు ఆగుతుంది. మన మే నెలలో 30 డిగ్రీలు ఏ గదిలో ఉంటాయో మీరే చెప్పండి. పోయిన నెల మోంథా తుపానుకి మా వీధిలో ఒకటిన్నర రోజు కరెంటు లేదు. నాలుగు కుటుంబాల ఇంజెక్షన్లు నా దగ్గర థర్మోకోల్ పెట్టెలో ఐస్ జెల్ ప్యాకులతో కాపాడా. ప్యాకు, వయలు (మందు సీసా) ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టాలి.

ధరల మాట నల్లగ్రానైట్ ఎత్తాడు. 2025 మార్చిలో మౌంజారో వచ్చినప్పుడు 2.5 వయల్ 3,500, 5 వయల్ 4,375. నెలకి నాలుగు కావాలి. సెప్టెంబరులో జీఎస్టీ తగ్గాక కాస్త దిగింది. ఆగస్టు నుంచి నెలకి సరిపడా ఇంజెక్షన్ పెన్ను కూడా ఉంది. వెగోవీ అంటే సెమాగ్లుటైడ్, జూన్‌లో మొదటి డోసు నెలకి 17,345తో వచ్చింది, ఈ నెలలో 10,850కి దించారు. 2026 మార్చిలో సెమాగ్లుటైడ్ పేటెంట్ తీరిపోతుంది. మన కంపెనీలు కాచుకుని ఉన్నాయి, అప్పుడు ఇంకా తగ్గుతుంది.

చీటీ లేకుండా అడిగేవాళ్ళు రోజుకొకరు వస్తారు. పెళ్ళికి నెలలో పది కిలోలు తగ్గాలంట, వధువు బరువు 61. ఇవ్వను.


పచ్చికారం · గూడూరు · 19 నవంబరు

మామా, మీలాంటి షాపతను నాకు ముందే దొరికుంటే బాగుండేది. నాకు పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ల తేడా), 28 ఏళ్ళు, 87 కిలోలు. ఫోన్‌లో రీల్ చూసి ఒక స్లిమ్మింగ్ సెంటర్‌కి పోయా, పేరు రాయను. రక్తపరీక్ష లేదు, డాక్టర్ లేడు. తెల్లకోటు అమ్మాయి ముందే నింపి పెట్టిన సిరంజి తెచ్చింది. వయల్ చూపించమంటే "లోపల ఉంది మేడమ్" అంది. సిరంజి మీద లేబుల్ లేదు, నీలం పెన్నుతో ఒక గీత మాత్రం ఉంది. నేనూ తెలివితక్కువదాన్నే, వేయించుకున్నా. ఆ రాత్రి పన్నెండు వాంతులు. మా అమ్మ ఆటోలో తీసుకపోయి సెలైన్ ఎక్కించింది. తర్వాత నెల్లూరులో డాక్టర్‌ని కలిస్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "డోసు ఎంత?" నాకు తెలీదు. నీలం గీత అని చెప్పా.

ఇప్పుడు సక్రమంగా 2.5తో మొదలై 5కి వచ్చా. ఆడవాళ్ళకి ఒకటి చెప్పాలి. గర్భం కోసం చూసేవాళ్ళకి ఈ మందు పనికిరాదు, ముందే మానాలి, ఎన్ని వారాల ముందో డాక్టరే చెప్తారు. పీసీఓఎస్ ఉండి బరువు తగ్గితే ఆగిన నెలసరి మళ్ళీ వస్తుంది, అనుకోకుండా నెల తప్పే వీలూ ఉంది. పైగా టిర్జెపటైడ్ మొదలైన నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు, గర్భనిరోధక మాత్ర సరిగ్గా పనిచేయకపోవచ్చు. వేరే జాగ్రత్త కావాలి. ఇది మా ఆయనకి చెప్పడానికి నేను పడిన అవస్థ మీకెందుకులే.


సుబ్బులు_అక్క · ఒంగోలు · 22 నవంబరు

అందరూ మొదలుపెట్టడం గురించే మాట్లాడుతున్నారు. నేను మానేసిన మనిషిని. ఆరు నెలలు వాడి 91 నుంచి 78కి వచ్చా. అమ్మాయికి కాలేజీ ఫీజు కట్టాల్సొచ్చి ఒక్కసారిగా ఆపేశా. మూడో వారం రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటు వేయకుండా నిలబడి అల్లూరయ్య మైసూర్‌పాక్ డబ్బా మూత తీస్తున్నా. అప్పుడు అర్థమైంది, ఆ పాత ఆకలి తిరిగొచ్చిందని. ఇప్పుడు 85.

డాక్టరు చెప్పాడు, నా ఒక్కదానికే కాదంట. ఇట్టాంటి మందు 36 వారాలు వాడించి, సగం మందికి ఆపి చూశారంట. ఏడాదిలో ఆపినవాళ్ళు సగటున 14 శాతం పెరిగారు, కొనసాగించినవాళ్ళు ఇంకో ఐదున్నర శాతం తగ్గారు. కాబట్టి బాబూ, మొదటి నెల ఖర్చు చూసి మొదలుపెట్టొద్దు. ఏడాది, రెండేళ్ళు కట్టగలవా అని చూసుకో. నాకు మిగిలిన ఆరు కిలోల తగ్గుదల మాత్రం మినీ స్టేడియంలో నడక, వారానికి మూడు రోజులు ఇసుక సంచులు ఎత్తడం వల్లే. అది మానలేదు కాబట్టే 91కి పోలేదనుకుంటా.


నల్లగ్రానైట్ · చీమకుర్తి · 22 నవంబరు

అదే నేను చెప్పేది! జీవితాంతం కట్టాల్సిన కిస్తీ.


స్టెత్ · నెల్లూరు · 23 నవంబరు

బీపీ మాత్ర కూడా అంతే కదండీ. ఆపితే బీపీ పెరుగుతుంది, మాత్ర మోసం అనం. అయితే సుబ్బులు గారి మాటే సరైన ప్రశ్న. డబ్బు సరిపోదని ముందే తెలిస్తే మొదలుపెట్టే రోజే డాక్టరుకి చెప్పండి. ఒక్కసారిగా ఆపేసే బదులు ఏ డోసు దగ్గర నిలబడొచ్చో ఆలోచించవచ్చు.


మేతబస్తా · కావలి · 21 డిసెంబరు

నెల రిపోర్టు. నాలుగు సూదులయ్యాయి, మొన్న 5కి పెంచారు. 104 నుంచి 100.8. మొదటి వారం ఏమీ తెలీలా. రెండో వారం సూది తర్వాతి రోజు వికారం, నిమ్మకాయ చీకుతా కూర్చున్నా. ఒకరోజు షాపులో చెమటలు పట్టి చేతులు వణికితే గ్లూకోమీటర్‌లో 64. గ్లూకోజ్ పొడి గల్లా పెట్టెలోనే ఉంచుకున్నా కాబట్టి సరిపోయింది. గ్లిమిపిరైడ్ పూర్తిగా ఆపేశారు.

జవహర్ భారతి గ్రౌండ్‌లో పొద్దున అరగంట నడక. సుబ్బులు అక్క బరువులెత్తే వ్యాయామం అంది కదా, నాకు జిమ్ము ఎందుకు? పాతిక కిలోల మేత బస్తాలు గోడౌన్ నిండా ఉండాయి. పదిహేనేళ్ళుగా కుర్రాళ్ళు ఎత్తుతుంటే నేను లెక్క రాసేవాణ్ణి. ఇప్పుడు రోజుకి పది నేను ఎత్తుతుండా. మొదటిరోజు మూడో బస్తాకే నడుం పట్టింది, కుర్రాళ్ళు నవ్వుకున్నారు, కనపడకుండా.


మేతబస్తా · కావలి · 18 జనవరి 2026

పండగ అయింది. 98.9. అరిసెలు రెండు తిన్నా, మూడోది మా అమ్మ చేతిలోనే మిగిలింది. ఆమె మొహం చూడలేకపోయా, నాకు సుస్తీ చేసిందని దిష్టి తీసింది. ఏటి పండగకి నెల్లూరు పోయి పెన్న ఇసుకలో పిల్లల వెంట నడిచా, ఆయాసం రాలా. తిండి తగ్గిందన్న బాధ లేదు గానీ, తిండి చుట్టూ ఉన్న ముచ్చట తగ్గింది. గట్టు మీద రైతులు "ఏంది, మా ఇంటి కూడు పనికిరాలేదా" అంటుండారు. దానికి మందు ఎవరి దగ్గర ఉందో తెలీదు.


జొన్నరొట్టె · కనిగిరి · 18 జనవరి

వాళ్ళు వడ్డించకముందే నువ్వే గరిటె పట్టుకో. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చో. ఎంత తిన్నావో ఎవరూ చూడరు.


మేతబస్తా · కావలి · 15 ఫిబ్రవరి

97.2. మూడు నెలల సగటు 6.8. నడుం చుట్టుకొలత 112 సెంటీమీటర్ల నుంచి 106. టైలర్ దగ్గరికి ప్యాంట్లు తీసుకపోతే "ఇప్పుడే పట్టించొద్దన్నా, ఇంకో రెండంగుళాలు తగ్గి రా, జేబులు మారుస్తా" అన్నాడు. జొన్నరొట్టె చెల్లెమ్మా, గరిటె ఉపాయం పనిచేసింది.


నల్లగ్రానైట్ · చీమకుర్తి · 16 ఫిబ్రవరి

కావలి అన్నా, ఒకటి అడుగుతా, నవ్వొద్దు. మా ఇంటామె 96 ఉంది, మోకాళ్ళు పోయాయి, షుగర్ కూడా. నువ్వు చూపించుకునే డాక్టరు దగ్గర ఏ రోజు రద్దీ తక్కువ?


మేతబస్తా · కావలి · 16 ఫిబ్రవరి

మంగళవారం. టోకెన్లు పొద్దున ఏడింటికే ఇస్తారు, బొలెరోలో ఐదుకల్లా బయలుదేరు. వదిన వాడే మాత్రల చీటీలన్నీ తీసకపో, గ్లిమిపిరైడ్ ఉందేమో ముందు చూపించు. అడగాల్సినవి కాగితం మీద రాసుకోని పో, తర్వాతి టోకెన్ పిలిచేస్తారు.